కరెంటు పోతే మా ఇంటికి రండి

మా నాన్న ఒక వస్తువును నమ్మాడంటే దానికి వేరే పూచీకత్తు అక్కర్లేదు. నమ్మలేదంటే దాన్ని తయారుచేసినవాడు దిగివచ్చి ప్రమాణం చేసినా లాభం లేదు. ఆయన నమ్మినది గ్యాసును, నమ్మనిది కరెంటును. మెల్బోర్న్‌కు తూర్పున, బ్రాకెన్‌హిల్ అనే ఈ కొండ ఊళ్లో, గాలి కాస్త గట్టిగా వీస్తే చాలు, ఏదో ఒక చెట్టు తీగల మీదికి ఒరుగుతుంది కనుక ఆయన నమ్మకాన్ని తప్పుపట్టడం అంత తేలిక కాదు. అయినా నేను ఏళ్ల తరబడి తప్పుపడుతూనే వచ్చాను. ఇంట్లో ఉన్నది మేమిద్దరమే. ఎవరో ఒకరు ఆ పని చేయాలి కదా.

సముద్రం అడుగు నుంచి సహజవాయువు వచ్చిన ఏడాది, అంతవరకూ బొగ్గు గ్యాసుకు అలవాటుపడ్డ పొయ్యిలన్నిటినీ ఇంటింటికీ తిరిగి మార్చిన కుర్ర ఫిట్టర్లలో నాన్న ఒకడు. తర్వాత గొట్టం కొండెక్కినప్పుడు దానితోపాటు తనూ కొండెక్కి ఇక్కడే ఇల్లు కట్టుకున్నాడు. పుస్తకాల చివర పదసూచికలు తయారుచేయడం నా వృత్తి. మా నాన్న జీవితానికి సూచిక వేయవలసివస్తే, 'గ్యాస్' అన్న మాట ఎదుట పుటల సంఖ్యలు వేయను. 'అంతటా' అని రాసి ఊరుకుంటాను.

కరెంటు పోయిన ప్రతిసారీ మా వీధిలో ఒక ఆచారం నడిచేది. కరెంటు పొయ్యిలున్నవాళ్లంతా కెటిళ్లూ ఫ్లాస్కులూ పట్టుకుని మా వంటింటికి వచ్చేవారు. నాన్న అగ్గిపుల్ల గీసి బర్నర్లు వెలిగించి, ఎవరి కెటిల్ ముందో ఎవరిది వెనకో తీర్పు చెబుతూ నిలబడేవాడు. వీధిలోకి ఎవరైనా కొత్తగా వస్తే క్షేమసమాచారాలకు బదులు ఆయన నోట వచ్చే మొదటి మాట, "కరెంటు పోతే మా ఇంటికి రండి." పోకపోతే రావద్దనేమో అని వాళ్లు తికమకపడేవారు.

ఏప్రిల్‌లో తనిఖీకి వచ్చిన మనిషి, హాల్లో గోడకున్న మా పాత గ్యాస్ హీటర్‌కు ఎర్రచీటీ కట్టి, దానికి వెళ్లే గొట్టం మూసేసి పోయాడు. విషవాయువు గదిలోకి వదులుతోందట. నాన్న వారం రోజులు ఆ చీటీని పరాయివాడు అంటించిన గోడపత్రికలా చూశాడు. ఆ తర్వాత కొత్త హీటర్ గురించి మా ఇద్దరికీ మొదలైంది.

"ప్రభుత్వమే సబ్సిడీ ఇస్తోంది నాన్నా. ఏసీ పెట్టిద్దాం. చలికాలం వేడి, ఎండాకాలం చల్లదనం. ఊరంతా మారుతోంది."

"ఆ ఏసీకి కరెంటు ఎక్కణ్ణుంచి వస్తుంది?"

"తీగ మీద నుంచి."

"తీగ ఎక్కడుంది?"

"స్తంభం మీద."

"స్తంభం మీద ఏముంది?"



"చెట్టు," అన్నాడు నాన్న. తన ప్రశ్నలకు తనే జవాబు చెప్పుకోవడం ఆయనకు అన్నిటికంటే ఇష్టమైన వాదన. "గొట్టం ఎక్కడుంది? భూమిలో. భూమి మీద చెట్టు పడితే భూమికేం నొప్పి?"

ఈ వాదన నాకూ ఆయనకూ మధ్యే తిరుగుతూ ఉంటే చలికాలమంతా అలాగే తిరిగేది. టామ్సిన్ ఫోన్ దాన్ని తేల్చేసింది. టామ్సిన్ మా అన్నయ్య కూతురు. అన్నయ్య పోయాక మా ఇంట్లోనే పెరిగింది. మేలో ఆమెకు ఆడపిల్ల పుట్టింది. పేరు మేబెల్. టామ్సిన్‌తో ఉంటున్న థానో పడమటి ఎడారిలో గనుల ఉద్యోగి. వసంతం దాకా ఇంటిపట్టున ఉండడు. థానో తల్లి డెస్పినాగారు తల్లీబిడ్డలను నగరంలోని తన ఫ్లాట్‌లో ఉంచుకుంటానన్నారు. టామ్సిన్ కొండ మీదికే వస్తానంది. బిడ్డ కోసం ఇద్దరు పెద్దవాళ్లూ ఫోన్లో మర్యాదగా కత్తులు దూసుకున్నారు.

"అన్నయ్యగారూ, మీ కొండ మీద చలి మనుషులకు కాదు, పెంగ్విన్లకు."

"మీ ఊళ్లో కరెంటు పోతే పెంగ్విన్లే నయమమ్మా. మా ఇంట్లో గ్యాస్. గాలివాన వచ్చినా, ప్రళయం వచ్చినా మంట ఆరదు."

"సరే. కానీ పిల్లకు ఒక్క పూట చలి తగిలిందని తెలిస్తే మర్నాడే వచ్చి తీసుకుపోతాను. తర్వాత మీరు ఏమీ అనకూడదు."

"తగిలితే కదా. నా మాట."

ఆ మాటతో ఏసీ కథ ముగిసింది. కొత్త గ్యాస్ హీటర్ వచ్చింది. బిగించడానికి వచ్చిన కుర్రవాడు మర్యాదస్థుడు. "సార్, దీనికి ఒక్క విషయం..." అని మూడుసార్లు మొదలుపెట్టాడు.

"నాకు చెప్పకు నాయనా. మీ అమ్మ నిన్ను కనకముందే నేను ఈ కొండ మీద గొట్టాలు కలిపాను."

ఆ కుర్రవాడు నావైపు చూశాడు. నేను కళ్లతోనే క్షమాపణ చెప్పుకున్నాను. అతను వెళ్లాక హీటర్ పక్కనుంచి ఒక తెల్లని వైరు గోడలోని ప్లగ్గు దాకా పోవడం నా కంటపడింది.

"ఇదెందుకు నాన్నా?"

"గడియారానికి. ఎప్పుడు వెలగాలో ఎప్పుడు ఆరాలో చెప్పే గడియారం ఉంటుందిలే వీటికి."

పుస్తకంలో ఒక పుట సంఖ్యను మూడుసార్లు సరిచూసే మనిషిని, ఆ జవాబును ఒక్కసారి కూడా సరిచూడలేదు. ఆయనతో అప్పటికే అలసిపోయి ఉన్నాను. ఆయన మాటల్లో సగం అలాగే నెగ్గుతాయి.

జూన్ మొదట్లో, ఇక్కడి చలికాలం అడుగుపెడుతుండగా, తల్లీబిడ్డలు వచ్చారు. ఇంట్లో నా పుస్తకాల గది ఒక్కటే చిన్నదీ వెచ్చనిదీ కావడం వల్ల అది పాప గది అయింది. నేను వంటింటి బల్ల మీదికి మారాను. సముద్రపక్షుల మీద ఒక లావుపాటి గ్రంథానికి సూచిక వేస్తున్నాను. ప్రతి అరగంటకూ నాన్న వచ్చి కెటిల్ పెట్టేవాడు, ప్రతి గంటకూ పాప ఏడ్చేది, ప్రతి పూటా టామ్సిన్ "అత్తా, ఒక్క నిమిషం పట్టుకో" అని పాపను నా చేతుల్లో పెట్టి స్నానానికి పోయేది. ఆ ఒక్క నిమిషం ఏ రోజూ ఒక్క నిమిషంలో తేలలేదు. నిశ్శబ్దం కోసం మనుషులను తగ్గించుకుంటూ బతికినదాన్ని. నా విసుగుకు అంతు లేదు. కానీ రెండో వారం వచ్చేసరికి, పాప ఏడవకుండా ఎక్కువసేపు పడుకుంటే లేచి వెళ్లి చూసి వస్తున్నానని గమనించాను. గమనించినందుకు ఇంకా విసుగనిపించింది.

"నువ్వు దాన్ని ఎత్తుకునే పద్ధతి చూడు, టైపు మిషన్ మోస్తున్నట్టుంది," అనేవాడు నాన్న.

"పడెయ్యలేదుగా."

"టైపు మిషన్‌నూ పడెయ్యలేదు నువ్వు, పాపం."

నాన్న రోజూ పొద్దున్నే కొత్త హీటర్ ముందు చెయ్యిపెట్టి చూసి, వేడి బాగానే వస్తోందని ఫోన్లో డెస్పినాగారికి చెప్పేవాడు. ఆవిడ అడగకపోయినా చెప్పేవాడు.

గాలివాన మధ్యాహ్నం భోజనాలయ్యాక మొదలైంది. మా వెనకున్న లోయలో నిటారు చెట్లు ఒకదాని తర్వాత ఒకటి విరుగుతున్న చప్పుడు తుపాకీ మోతలా వినిపించింది. నేను లేచి కిటికీలు బిగించాను. దీపం ఒకసారి రెపరెపలాడి ఆరింది. హాల్లో హీటర్ నిట్టూర్చినట్టు ఒక శబ్దం చేసి ఊరుకుంది.

"పోయింది," అన్నాడు నాన్న ఉత్సాహంగా, కరెంటు గురించి. వెంటనే వంటింట్లోకి నడిచి అగ్గిపెట్టె తీశాడు. ఆయనకు ఆ క్షణంలో హీటర్ గుర్తు లేదు, వీధి గుర్తుంది.

వీధి కూడా ఆయన్ని మరిచిపోలేదు. మొదట ఎదురింటి గార్త్ వచ్చాడు. కప్పు నిండా సోలార్ పలకలు వేయించుకుని, గ్యాసు మీటరే పీకించేసిన యువకుడు.

"పెద్దాయనా, కెటిల్ తెచ్చాను."

"సూర్యుణ్ణి కప్పు మీద కట్టేసుకున్నావుగా గార్త్. ఆయన్నే అడగరాదూ?"

"లైను పోతే ఆయనా పడుకుంటాడు. బ్యాటరీ ఉంటేగానీ లేవడు."

"ఎంత చదువుకున్న సూర్యుడయ్యా."

తర్వాత పక్కింటి నోలీన్ వచ్చింది. నాన్న ఈడుదే. "ఏమయ్యా మెర్విన్, ఈసారి నాది ముందు. పోయినసారి నా నీళ్లు కాగేసరికి కరెంటే వచ్చేసింది." ఆమె వెనక మరి నలుగురు. నాన్న నాలుగు బర్నర్లూ వెలిగించాడు. వంటింట్లో ఆవిరీ మాటలూ నిండాయి. ఆయన ముఖం వెలిగిపోయింది; పండగ రోజున కూడా అంత వెలుగు నేను చూడలేదు.

అంతలో టామ్సిన్ గుమ్మంలోకి వచ్చింది. పాపను కోటులోపల గుండెకు హత్తుకుంది.

"తాతా, హీటర్ ఆగిపోయింది."



"ఆగదమ్మా. గ్యాసు అది."

"ఆగింది తాతా. గది చల్లబడిపోతోంది."

నాన్న అగ్గిపెట్టెతోనే హాల్లోకి వెళ్లాడు. వెనకే నేనూ. ఆయన మోకాళ్ల మీద కూర్చుని బొత్తాం నొక్కాడు, మళ్లీ నొక్కాడు. చిన్న తెరమీద అంకెలేవీ లేవు. ఆయన అగ్గిపుల్ల గీసి, హీటర్ ముందు భాగాన్నంతా వెలుతురులో వెతికాడు. పాతదానికి అడుగున ఒక చిన్న రంధ్రం ఉండేది. లోపల ఒక నీలిమంట ఎప్పుడూ వెలుగుతుండేది, ఆరితే పుల్లతో వెలిగించేవాళ్లం. దీనికి మంట పెట్టే చోటే లేదు. నిప్పు రగిలించేదీ, గాలి విసిరేదీ అన్నీ ఆ తెల్లని వైరే. పుల్ల ఆయన వేలిదాకా కాలింది. ఇంకొకటి గీశాడు. ఈసారి పక్కవైపు వెతికాడు.

నేను నోరు తెరిచాను. ఏం చెప్పబోతున్నానో టామ్సిన్‌కు తెలిసిపోయింది.

"వద్దత్తా. నువ్వు చెప్పిన ఏసీ పెట్టినా ఇప్పుడు ఇంతే కదా."

నిజమే. అది నిజం కావడమే ఆ రోజు నాకు తగిలిన అన్నిటికంటే పెద్ద చిరాకు. ఇన్నేళ్ల వాదనలో మేమిద్దరం చెరో గోడకు ఆనుకుని నిలబడ్డామనుకున్నాం. రెండు గోడలూ ఒకే తీగకు వేలాడుతున్నాయి.

ఫోన్లు కూడా పనిచేయడం లేదు. కొండ దిగే రోడ్డు మీద చెట్లు పడ్డాయని వచ్చినవాళ్లెవరో చెప్పారు. హాల్లో మా నోటి నుంచి ఆవిరి కనిపించడం మొదలైంది.

పరిష్కారం గార్త్ కనిపెట్టాడు. "పాపను వంటింట్లోకి తీసుకురండి. నాలుగు బర్నర్లూ పెద్దవి చేసి, ఓవెన్ కూడా వెలిగించి తలుపు తెరిచిపెడదాం. పది నిమిషాల్లో ఉక్కపోస్తుంది."

అందరికీ నచ్చింది. నాకూ నచ్చింది. ఎవరో ఓవెన్ వెలిగించారు. ఎవరో కిటికీ సందులో తువ్వాలు కుక్కారు. నేను నా కుర్చీని ఓవెన్ దగ్గరికి జరిపి, దానిలో టామ్సిన్‌ను కూర్చోబెట్టాను. నిజంగానే వెచ్చబడింది. పాప కోటులోంచి ఒక చెయ్యి బయటికి తీసింది. "చూశారా, గ్యాసు గ్యాసే," అంది నోలీన్, హాల్లోని మనిషికి వినబడాలనే. ఆమెది మంచి మనసు.

నాన్న లోపలికి వచ్చాడు. పొయ్యిని చూశాడు, తెరిచిన ఓవెన్ తలుపును చూశాడు, కిటికీలో తువ్వాలును చూశాడు. మాట్లాడకుండా వచ్చి ఓవెన్ ఆపాడు. తర్వాత బర్నర్లు ఒక్కొక్కటే ఆపాడు. ఆఖరిది నోలీన్ కెటిల్ కిందిది. అది అప్పుడే సన్నగా కూయడం మొదలుపెట్టింది. తువ్వాలు లాగేసి కిటికీ బార్లా తెరిచాడు. గాలి లోపలికి దూకి బల్ల మీద నా కాగితాలన్నీ లేపింది.

"పెద్దాయనా, ఏంటిది?" అన్నాడు గార్త్.

"పాపను ఇక్కణ్ణుంచి తీసుకుపో," అన్నాడు నాన్న టామ్సిన్‌తో.

"తాతా, వెచ్చగా ఉందిక్కడ."

"అందుకే."

"కాసేపే కదా మెర్విన్," అంది నోలీన్.

"కాసేపని ఇలాగే కిటికీ మూసి గ్యాసు వెలిగించినవాళ్లదే ఒక ఇంటి తలుపు నేను తీశాను. విషవాయువు ఒక్కర్నీ లేవనివ్వలేదు. నాకు అప్పుడు ఇరవై రెండేళ్లు." ఆయన అంతకుమించి చెప్పలేదు. ఇంతకుముందెప్పుడూ అంత కూడా చెప్పలేదు. "నీ ఇంట్లో కట్టెల పొయ్యికి పొగగొట్టం ఎప్పుడు తుడిపించావు?"

"మార్చిలో."

"అయితే అక్కడికి వెళ్లండి. రాస్, నువ్వూ వెళ్లు," అన్నాడు నాతో. " గాలి ఆడేలా ఒక తలుపు ఓరగా ఉంచండి."

"నువ్వో?"

"ఎవరైనా కెటిల్ పట్టుకొస్తే రావద్దని చెప్పాలి కదా."

గోరువెచ్చని నీళ్లతో కెటిళ్లు ఎత్తుకుని అందరూ ఒక్కొక్కరే వెళ్లిపోయారు. మేము నోలీన్ ఇంట్లో ఆమె కట్టెల పొయ్యి ముందు, ఆమె మూడు కుక్కల మధ్య, ఆమె నోరు మూయని కబుర్ల మధ్య తెల్లవార్చాం. పాపకు చలి తగల్లేదు. కుక్కల బొచ్చు మాత్రం తగిలింది. నేను పడుకోలేదు; కూర్చుని, గోడకు అవతల చీకటింట్లో కోటు తొడుక్కుని కూర్చున్న మనిషిని తలచుకుని తిట్టుకుంటూ ఉన్నాను. ఎందుకు తిడుతున్నానో మాత్రం సరిగా తేలలేదు.

పొద్దున వాలంటీర్లు రంపాలతో రోడ్డు తెరిచారు. వాళ్ల వెనకే డెస్పినాగారి చిన్న ఎర్రకారు కొండెక్కింది. ఆవిడకు ఎవరూ చెప్పలేదు. వార్తల్లో చూసి బయల్దేరారు. గుమ్మంలో నాన్న ఎదురయ్యాడు.

"అన్నయ్యగారూ, నేనేమీ అనను."

"అనకండి."

"అననంటున్నానుగా."

"అంటున్నారుగా మరి."

పాప సామాను కారులో పెట్టింది నాన్నే. టామ్సిన్ ఆయన చెయ్యి పట్టుకుని, "మూడు రోజులే తాతా, కరెంటు రాగానే వచ్చేస్తాం," అంది. "ఊఁ," అన్నాడు.

కరెంటు నాలుగో రోజున వచ్చింది. హీటర్ కూత పెట్టి, ఎవరూ లేని గదిలోకి వేడిగాలి ఊదడం మొదలుపెట్టింది. నాన్న వెళ్లి దాన్ని ఆపి వచ్చాడు. నేను నా గదిలోకి, నా బల్ల దగ్గరికి, నేను అంతగా కోరుకున్న నిశ్శబ్దంలోకి తిరిగి వెళ్లాను. సముద్రపక్షుల సూచిక ముందుకు సాగలేదు. ఒక పదం రాసి, చెవి రిక్కించి, ఏమీ వినబడక మళ్లీ రాయడం. ఇది కూడా ఆయన వల్లే అనుకుని కాస్త ఊరట పొందాను.

తల్లీబిడ్డలు మూడు రోజుల్లో రాలేదు. మళ్లీ గాలి, మళ్లీ హెచ్చరికలు. జూలై చివర ఒక ఆదివారం టామ్సిన్ ఫోన్ చేసింది. నాన్న వినడం కోసం ఫోన్ బల్ల మీద పెట్టి స్పీకర్ వేశాను.

"తాతా, గాలులు తగ్గాయటగా. వచ్చేస్తాం. ఇక్కడ నాకు ఊపిరాడ్డం లేదు. డెస్పినా అత్తయ్య నిద్రపోతున్న పిల్లకు కూడా అన్నం గురించి చెబుతోంది."

నేను నాన్నవైపు చూశాను. గది తుడిచి ఉంది. ఉయ్యాల నా బల్ల పక్కనే ఉంది. ఆయన ఔనంటే చాలు. నేనైతే ఈపాటికే అనేసేదాన్ని.

"రావద్దమ్మా," అన్నాడు నాన్న.



"కోపమా తాతా?"

"కోపం ఎందుకు? ఇక్కడ తీగలు పడతాయి. పడితే ఈ ఇంట్లో వేడి ఉండదు." ఒక వాక్యాన్ని అంత సాదాగా ఆయన చెప్పగలడని నాకు తెలియదు. "సెప్టెంబరు రానీ. అందాకా మేమే వస్తాం."

ఫోన్ పెట్టేశాక అడిగాను. "మేమంటే ఎవరు?"

"నువ్వు కారు నడుపుతావు. నేను కూర్చుంటాను."

"నేను నగరంలో కారు నడిపి ఎన్నేళ్లయిందో తెలుసా నీకు?"

"తెలుసు. అందుకే ముందే చెబుతున్నాను, భయపడ్డానికి నీకు టైము ఉండాలని."

మరుసటి ఆదివారం బయల్దేరాం. దారి పొడుగునా ఆయన లేని బ్రేకు తొక్కుతూనే ఉన్నాడు. డెస్పినాగారి ఫ్లాట్ ఆరో అంతస్తులో ఉంది. తలుపు తీయగానే మెత్తని వెచ్చదనం ముఖానికి తగిలింది. మంట లేదు, చప్పుడు లేదు. కరెంటు తప్ప మరొకటి ఎరగని బిల్డింగు. నాన్న కోటు విప్పకుండానే గది చుట్టూ ఒకసారి తిరిగి, ఆ వేడి ఎక్కణ్ణుంచి వస్తోందో కనుక్కుని, పైకి చూసి, మళ్లీ వచ్చి కూర్చున్నాడు. టామ్సిన్ పాపను ఆయన ఒడిలో పెట్టింది. పాప ఆయన చొక్కా బొత్తాం పట్టుకుంది. బొద్దుగా అయింది. మేము లేకుండానే అయింది.

డెస్పినాగారు చిక్కని కాఫీలూ చక్కెర అద్దిన బిస్కెట్లూ తెచ్చి పెట్టారు.

"మరి ఇక్కడ కరెంటు పోతే?" అన్నాడు నాన్న.

నేను కప్పు బల్ల మీద పెట్టేశాను. తీగ, స్తంభం, చెట్టు, అన్నీ వరుసగా రాబోతున్నాయి.

"ఇక్కడ పోదండీ," అన్నారు డెస్పినాగారు. "కొత్త బిల్డింగు. తీగలన్నీ భూమిలో నుంచే. ఏం వచ్చినా ఈ ఇంట్లో చలి ఉండదు, నా మాట నమ్మండి."

 నాన్న నోట నేను ఎదురుచూసిన మాట ఏదీ రాలేదు. పాప నిద్రలోకి జారుకుంది. ఆయన బొత్తాం మీదనుంచి దాని వేళ్లను మెల్లగా విడిపించాడు.

"దుప్పట్లు ఎక్కడ పెడతారమ్మా?" అన్నాడు.

"దుప్పట్లా? ఇంత వెచ్చగా ఉంటే దుప్పట్లెందుకు అన్నయ్యగారూ?"

"వెచ్చగానే ఉంది. ఎక్కడ ఉంటాయో చూపించండి చాలు."

డెస్పినాగారు నావైపు చూశారు. నేను బిస్కెట్‌వైపు చూశాను. చివరికి ఆవిడ లేచి నడవలో బీరువా తెరిచారు. నాన్న పాపను భుజాన వేసుకుని వెంట వెళ్లి, పై అరలో మడతపెట్టి ఉన్నవాటిని కింది అరలోకి, చీకట్లో కూడా చేతికి అందేలా, ఒక్కొక్కటిగా దింపించాడు.